అక్క చెప్పిన నాన్న

మనుషులు మాట్లాడుతుంటే వినడానికి జీతమిస్తారంటే మా అమ్మ చాలాకాలం నమ్మలేదు. “ఊరికే కూర్చుని వింటే డబ్బులెవరిస్తారే? నిజం చెప్పు, రోజూ ఎక్కడికెళ్తున్నావు?” అని అక్కని గుమ్మంలోనే నిలదీసేది. అక్క నవ్వి చెప్పులు విడిచేది. అమ్మ ఆ చెప్పులు తిరగేసి, ఎక్కడి మట్టి అంటిందో చూసేది. మా ఇంట్లో అనుమానం అమ్మ నుంచి నాకొచ్చింది. అక్కకి చుక్క కూడా రాలేదు.

అక్క నాకంటే పదేళ్ళకు పైనే పెద్దది. నాన్న పోయాక అమ్మ ఒక లాండ్రీలో ఇస్త్రీ పనికి కుదిరింది. అక్క కాలేజీలో చదువుకుంటూనే యూనివర్సిటీలో ఒక ప్రొఫెసర్ దగ్గర చేరింది. ఊళ్ళోని పాత ఆఫీసు భవనాల్లో పనిచేసినవాళ్ళ జీవితాల మీద ఆయన పుస్తకం రాస్తున్నాడు. రాసేది ఆయన, కాళ్ళరిగేలా తిరిగేది అక్క. ఇటుకంత టేప్ రికార్డర్ సంచిలో వేసుకుని వెళ్ళి వాచ్‌మన్లనీ, టెలిఫోన్ ఆపరేటర్లనీ, మెట్లు కడిగేవాళ్ళనీ కూర్చోబెట్టి మాట్లాడించేది. ఇంటికొచ్చి హెడ్‌ఫోన్లు తగిలించుకుని, టేపు ఆపుతూ, వెనక్కి తిప్పుతూ, అక్షరం పొల్లుపోకుండా రాసేది. దగ్గిన చోట ‘దగ్గు’ అని రాసేది. ఏడ్చిన చోట మాత్రం ఏమీ రాసేది కాదు, కాస్త జాగా వదిలేసేది.

యూనివర్సిటీలో అందరికీ ఆమె ‘టేపక్క’. ప్రొఫెసర్లు మారారు, టేపులు పోయి ఫోన్లొచ్చాయి, ఆ పేరు మాత్రం పోలేదు. ఉద్యోగం పర్మినెంటూ కాలేదు. కంపెనీలు తమ చరిత్రలు అట్ట పుస్తకాలుగా వేయించుకోవడం మొదలెట్టాక వాటికీ రాసింది. పుస్తకం మీద పేరు ఎప్పుడూ ఇంకొకరిదే. అదేమని అడిగితే, “చెప్పింది వాళ్ళు, వేయించుకుంది వాళ్ళు, మధ్యలో నా పేరెందుకే?” అనేది. నాకు ఒళ్ళు మండేది. మా బావ లెక్కల మాస్టారు. “మీ అక్క నా మాట వినాలంటే ముందు రికార్డర్ ఆన్ చేసి, పేరూ వయసూ చెప్పుకుని మొదలెట్టాలి” అంటాడు. ఆయన బాధ ఆయనది.

ఆమె పని పద్ధతి ఒకటి చెప్పాలి. ఎదుటి మనిషి ఎంతకీ నోరు విప్పకపోతే అక్క ముందు తన కథ ఒకటి చెప్పేది. అమ్మ గురించో, నా గురించో. మన గుట్టు కొంత బయటపెడితేనే వాళ్ళ గుట్టు కొంత బయటికొస్తుందని ఆమె నమ్మకం. మా ఇంటి సంగతులు ఊళ్ళో ఎంతమందికి తెలుసో నేను లెక్కపెట్టడం మానేశాను.

ఇక నా సంగతి. ఒక పెద్ద ఆస్పత్రిలో, ఉద్యోగాలకి వచ్చేవాళ్ళు చెప్పుకున్నవి నిజమో కాదో సరిచూసే పని నాది. వెనకాల నన్ను ‘భూతద్దం’ అంటారని తెలుసు. ఇంటర్వ్యూ బోర్డులో చివరి కుర్చీలో కూర్చుంటాను. ప్రశ్నలు అడగను. రాసుకుంటాను, తర్వాత ఫోన్లు చేసి కూపీ లాగుతాను. ఈ మధ్య కోచింగ్ సెంటర్లు పాఠాలతో పాటు కథలు కూడా అప్పగిస్తున్నాయి. ‘కష్టంలో ఉన్న మనిషికి మీరెప్పుడైనా సాయం చేశారా?’ అని అడిగితే, ఒకే వారంలో ముగ్గురు ఒకే వరదలో ఒకే ముసలావిడని భుజాన మోసుకొచ్చారు. ఆవిడెంత అలిసిపోయిందో పాపం.

ఆ రోజు వచ్చినావిడ ఆ ముసలావిడని నాలుగోసారి మోసుకొస్తుందనే అనుకున్నాను. నా ఈడుదే, నలభై దాటాయి. సన్న ఫ్రేము కళ్ళజోడు. పిల్లలు చేతికందాక మళ్ళీ ఉద్యోగం వెతుక్కుంటోంది. రోగుల బంధువులతో మాట్లాడే కౌంటర్‌కి సూపర్‌వైజర్ పోస్టు. బోర్డులో ఉన్న డాక్టరు గారు, “భయపడుతున్న మనిషితో ఎలా మాట్లాడాలో మీరెక్కడ నేర్చుకున్నారు?” అని అడిగారు.

“మా నాన్న దగ్గరండీ,” అందామె. “ఆయన ఒక ఆఫీసు భవనంలో లిఫ్ట్ ఆపరేటర్. బడికి సెలవైతే నన్నూ తీసుకెళ్ళేవారు. తన స్టూలు మీద నన్ను కూర్చోబెట్టి, ఎవరన్నా అడిగితే ‘కొత్త ఆపరేటర్ సార్, ఇవాళ నాకు సెలవు’ అనేవారు. నేను అంతస్తుల నంబర్లు పైకి చదువుతుంటే ఆయన బటన్లు నొక్కేవారు. ఒకసారి పెద్దాఫీసరు ఎక్కాక కరెంటు పోయి లిఫ్ట్ మధ్యలో ఆగిపోయింది. చిమ్మచీకటి. నాకేం భయం వెయ్యలేదు, నాన్న ఉన్నారుగా. ఆఫీసరు గారు మాత్రం ఊపిరి అందనట్టు ఎగపోస్తున్నారు. అప్పుడు నాన్న, ‘సార్, మా పాప భయపడుతోంది, కాస్త చెయ్యి పట్టుకోరూ’ అన్నారు. ఆయన పట్టుకున్నారు. చెయ్యంతా చెమట. కరెంటొచ్చేదాకా ‘భయం లేదమ్మా, ఏం భయం లేదు’ అని నాకు చెప్తూనే ఉన్నారు. అలా చెప్తూ చెప్తూ ఆయనే కుదుటపడ్డారు. నేను బయటికొచ్చి, నాకు భయం లేదని ఎందుకు చెప్పలేదని నాన్నతో పోట్లాడాను.”

డాక్టరు గారు పెన్ను మూసి ఆమె వైపే చూస్తుండిపోయారు. పెద్దాయన, అంటే మా విభాగం హెడ్, తల ఊపాడు. ఉద్యోగం వచ్చేసినట్టే. నేను మాత్రం రాసుకోవడం ఆపేశాను. ఎందుకంటే ఆ లిఫ్ట్‌లో ఉన్న పాపని నేను.

అవును, నేనే. చిన్నప్పుడు అన్నానికి పేచీ పెడితే అక్క నాకు నాన్న కథలు చెప్పేది. వానలో వీధికుక్కకి గొడుగు పట్టిన నాన్న. ఎవరిదో టోపీ ఇవ్వడానికి కదిలిపోతున్న బస్సు వెనక పరిగెత్తిన నాన్న. ఇంటి ఓనరుతో పందెం కాసి ఒక్క పూటలో ఇల్లంతా సున్నం కొట్టిన నాన్న. అన్నిట్లోకీ నాకిష్టమైంది లిఫ్ట్ కథ. మిగతావి విన్నవి, ఇది నాకు గుర్తున్నది. ఆ స్టూలు మీది గీతలు గుర్తు. ఆ చెమట చెయ్యి గుర్తు. అక్క ఇవి చెప్తున్నప్పుడు అమ్మ లేచి వంటింట్లోకి వెళ్ళిపోయేది, బాధ పట్టలేక అనుకునేదాన్ని. కాలేజీలో ‘నన్ను తీర్చిదిద్దిన మనిషి’ అని వ్యాసం రాయమంటే అదే రాశాను. ఈ ఆస్పత్రి ఉద్యోగానికి వచ్చినప్పుడు, ఇదే గదిలో, ఇదే బల్ల ముందు కూర్చుని అదే చెప్పాను. ఆ రోజు బోర్డులో ఉన్నవాళ్ళెవరూ ఇప్పుడు లేరు కాబట్టి సరిపోయింది, లేకపోతే ఒకే లిఫ్ట్‌లో ఇద్దరు పాపలేమిటని నన్నడిగేవాళ్ళు.

మధ్యాహ్నం ఆమెకి ఫోన్ చేశాను. అదీ ఇదీ అడిగి, మెల్లగా కోచింగ్ సంగతి ఎత్తాను. “ఆదివారాలు వెళ్ళానండీ,” అందామె, దాచకుండా. “నేను ముందు వరదలో ముసలావిడ సంగతి చెప్దామనుకున్నా. మాకు నేర్పే మేడమే, వద్దు, ఈ లిఫ్ట్ సంగతే చెప్పమన్నారు.”

“ఏ మేడమ్?”

“పెద్దావిడేనండీ, యూనివర్సిటీ నుంచి వస్తారు. అందరూ టేపక్క అంటారు.”

ఫోన్ పెట్టేశాను. అక్క ఆదివారాలు ఎక్కడో క్లాసులు చెప్తుందని తెలుసు, ఉద్యోగాల కోచింగ్ అని తెలియదు. వరద ముసలావిడని ఎంతమంది పంచుకున్నా నాకేం నష్టం లేదు. కానీ నాకున్నది ఒక్క నాన్న, ఆయన గురించి నాకు గుర్తున్నది ఒక్క పూట. దాన్ని తీసుకెళ్ళి అక్క ఎవరి నోట్లోనో పెట్టింది. ఆ కళ్ళజోడావిడ ఫైలు మర్నాటికల్లా పైకి వెళ్ళాలి. నేను ‘సందేహం ఉంది’ అని రాస్తే ఇక ఆ ఉద్యోగం ఆమెకి రాదు, ఎవరూ మళ్ళీ అడగరు కూడా. రాసేశాను. సంతకం పెట్టేముందు అక్కని కడిగేద్దామని ఫైలు సంచిలో వేసుకుని బయల్దేరాను.

అక్క గది యూనివర్సిటీలో పాత లైబ్రరీ కింది అంతస్తులో ఉంది. చప్పుడు బయటికి పోకుండా గోడలకి కోడిగుడ్ల అట్టలు అంటించి ఉంటాయి. కిటికీ లేదు. బల్ల మీద రెండు మైకులు, వాటి మధ్య టీ కప్పుల మరకలు. అక్క హెడ్‌ఫోన్లు మెడలో వేసుకుని ఏదో టైపు చేస్తోంది.

“ఏంటే, చెప్పాపెట్టకుండా వచ్చావు? ఏమన్నా తిన్నావా?”

“నాన్నని ఎవరికి అమ్మావక్కా?” అన్నాను.

తలుపు వెయ్యమంది. వేసి, ఆయాసపడుతూ మొత్తం చెప్పాను. “నీకు అలవాటేగా,” అన్నాను, “ఎదుటివాళ్ళ నోరు విప్పించడానికి మన సంగతులు పారబోయడం. అలాగే నాన్న కథ క్లాసులో చెప్పుంటావు. ఆవిడ దాన్ని ఎత్తుకుపోయింది. కాదు, నువ్వే ఇచ్చావు. ఇచ్చి, చెప్పమని పంపావు.”

అబద్ధం చెప్పబోయే మనిషిని నేను ఇట్టే పట్టేస్తాను. ప్రశ్నని తిరిగి అడుగుతారు, నీళ్ళు తాగుతారు, నవ్వుతారు. అక్క అవేవీ చెయ్యలేదు. మెడలోంచి హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టింది.

“ఆవిడ చెప్పింది నిజం. అది వాళ్ళ నాన్నే.”

“మరి నాకు గుర్తుందే!”

“నాన్న పోయేనాటికి నీకు మాటలే సరిగ్గా రాలేదే. బడెక్కడిది, బడికి సెలవెక్కడిది? నువ్వు నంబర్లు చదవడమేంటి? ఊళ్ళో అందరి తేదీలూ పక్కపక్కన పెట్టి చూస్తావు కదా, నీ తేదీలెప్పుడూ చూసుకోలేదా?”

చూసుకోలేదు. నాన్న పోయిన సంవత్సరం నాకు తెలుసు. నేను పుట్టిన సంవత్సరం తెలుసు. ఈ రెండింటినీ ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా కలిపి చూడలేదు. వేరేవాళ్ళ కాగితాల్లో అయితే క్షణం పట్టేది కాదు.

అక్క చెప్పుకుంటూ పోయింది. నాన్న పనిచేసింది ఆ భవనంలోనేనట. లిఫ్ట్‌లో కాదు, పై అంతస్తులో ఒక ఆఫీసులో ఫైళ్ళు మోసేవాడు. ప్రొఫెసర్ భవనాల జాబితా ఇచ్చినప్పుడు అక్క ముందుగా అక్కడికే పరిగెత్తింది, నాన్న గురించి ఎవరైనా ఏమైనా చెప్తారేమోనని. ఒక్కొక్కరినీ అడిగింది. ఎవరికీ ఆయన గుర్తులేడు.

“చివరికి లిఫ్టాయన్ని అడిగా,” అంది. “రోజూ ఎక్కిదిగే మనిషి కదా, ఈయనకైనా తెలుస్తుందని. పాపం, కళ్ళు మూసుకుని ఎంతసేపు ఆలోచించాడో. ‘గుర్తు రావట్లేదమ్మా’ అని నాకంటే ఎక్కువ బాధపడ్డాడు. ఉత్త చేతులతో పంపడం ఇష్టం లేక తన కూతురి సంగతి చెప్పాడు, ఆ లిఫ్ట్ ఆగిపోయిన సంగతి. ఇంటికొచ్చేసరికి నువ్వు గుమ్మంలో కూర్చునున్నావు. ‘నాన్న గురించి ఏం చెప్పారక్కా?’ అన్నావు. ఏం చెప్పమంటావు? నాన్న ఎవరికీ గుర్తులేడని చెప్పనా?”

“గొడుగు?”

“అది ఒక వాచ్‌మన్‌ది.”

“టోపీ?”

“పోస్టాఫీసులో పనిచేసినాయనది. సున్నం కథ మాత్రం నేనే కల్పించా. చూడు, అది అంత బాగుండదు.”

నాకు పట్టరాని కోపం వచ్చింది. ఆ బల్ల మీదివన్నీ విసిరికొట్టాలనిపించింది. “అమ్మకి తెలుసా?” అన్నాను.

“తెలియకేం. ‘బతికుండగా ఆయనింత మంచిగా లేడే, పోయాక బాగుపడ్డాడు’ అని ఒకసారి నాతో అంది.”

ఆదివారం క్లాసులో కళ్ళజోడావిడ వరద కథ మొదలెడితే, మీ నాన్నగారేం చేసేవారని అక్క మామూలుగా అడిగిందట. ఆమె నసుగుతూ లిఫ్ట్ అందట. ఏ భవనమంటే చెప్పిందట. “లిఫ్టాయన కూతురని అప్పుడు తెలిసింది,” అంది అక్క. “మీ దగ్గర అంత మంచిది ఉంచుకుని ఈ వరద ఎందుకండీ అన్నా. నీ ఆస్పత్రికే వస్తుందని నాకేం తెలుసు?”

అంతా అతికినట్టు సరిపోతోంది. సరిపోతోందనే నాకు అనుమానం. మరీ చక్కగా అతికే కథల్ని నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లోనే నమ్మడం మానేశాను. “ఇంతకాలం నాకు చెప్పింది అబద్ధమైతే, ఇప్పుడు చెప్పేది నిజమని ఏంటి గ్యారంటీ? ఆవిడ ఉద్యోగం పోకుండా ఉండటానికి ఇదీ అల్లుతున్నావేమో,” అన్నాను.

అక్క ముఖం చిన్నబోయింది. “ఫోన్ చెయ్యి,” అంది. “నీ పని అదేగా.”

ఫైల్లో ఆమె ఇంటి నంబరుంది. స్పీకర్ ఆన్ చేసి కలిపాను. ఎత్తింది ఒక ముసలాయన, వాళ్ళ నాన్నే. ఆస్పత్రి నుంచి, మీ అమ్మాయి ఉద్యోగం విషయమై అని చెప్పాను. లిఫ్ట్ ఆగిపోయిన సంగతి జరిగిందా అని అడిగాను. పాప, ఆఫీసరు లాంటి మాటలేవీ నేను అనలేదు, ఆయన నోటే రావాలని.

“ఆ ముచ్చట ఇంటర్వ్యూలో చెప్పిందా మా పిచ్చిది!” అని ఆయన పగలబడి నవ్వాడు. “జరక్కేమమ్మా. పాప చెయ్యి పట్టుకోండి సార్ అని ఆయనకి అప్పగించా. పాపకేం కాలేదు, ఆయనే వణికిపోయాడు. అసలు సంగతి విన్నారా? మర్నాడు లిఫ్ట్ ఎక్కి, ‘పాప ఎలా ఉందయ్యా, ఇంకా భయపడుతోందా?’ అన్నాడు. ‘తగ్గింది సార్’ అన్నా. రిటైరయ్యేదాకా అదే వరస, ఎక్కినప్పుడల్లా అడిగేవాడు. నేనూ తగ్గింది సార్ అనేవాణ్ణి.”

ఇది అక్క ఎప్పుడూ చెప్పలేదు. అక్క వైపు చూశాను. ఆమె కూడా మొదటిసారి వింటున్నట్టు ముందుకు వంగి కూర్చుంది.

“ఈ సంగతి మీరింకెవరికైనా చెప్పారా?” అన్నాను.

“చాలాకాలం కిందట ఒకమ్మాయికి చెప్పానమ్మా. కాలేజీ పిల్ల. వాళ్ళ నాన్న అక్కడే పనిచేసి పోయాడట, ఆయన గురించి ఏమన్నా చెప్పమని వచ్చింది. నాకెంతకీ గుర్తు రాలేదు. రోజూ నా లిఫ్ట్‌లోనే ఎక్కి దిగుంటాడు కదా, ఒక్కసారైనా మొహం ఎత్తి చూడలేదేంటా అని ఇప్పటికీ బాధేస్తుంది. ఆ పిల్ల ఇప్పుడెక్కడుందో.”

అక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఇక్కడే ఉందండీ అని నేను చెప్పబోతే వద్దని తలూపింది. ఆయనకి థాంక్స్ చెప్పి పెట్టేశాను. ఫైలు తీసి ‘సందేహం ఉంది’ అన్నది అడ్డంగా కొట్టేసి, ‘సరిచూశాను, నిజం’ అని రాసి సంతకం పెట్టాను. కళ్ళజోడావిడకి ఉద్యోగం వచ్చినట్టే, వాళ్ళ నాన్న వాళ్ళకి ఉన్నాడు. నాకు మాత్రం ఒక్క ఫోన్ కాల్‌తో నాన్న లేకుండా పోయాడు. గొడుగు లేదు, టోపీ లేదు, నా చేతిలో ఆఫీసరు చెయ్యీ లేదు. ఆ గదిలో కూర్చుని అక్కని ఎంత అసహ్యించుకున్నానో చెప్పలేను. అంతలోనే, సంచి మోసుకుని ఆ భవనంలో అంతస్తులన్నీ ఎక్కి, ఒక్కొక్కరినీ అడిగి, ఏమీ దొరక్క ఇంటికి నడిచొచ్చిన పిల్ల కూడా కళ్ళముందు కనబడుతోంది.

“నాన్న గురించి నిజంగా నీకు తెలిసింది ఒకటి చెప్పు,” అన్నాను. “మంచిది కాకపోయినా ఫర్వాలేదు.”

అక్క చాలాసేపు ఆలోచించింది. కథ చెప్పేటప్పుడు అంతసేపు ఎప్పుడూ ఆలోచించదు.

“మనతో ఎక్కువ మాట్లాడేవాడు కాదే. వచ్చేవాడు, తినేవాడు, గోడవైపు తిరిగి పడుకునేవాడు. నువ్వు పుట్టిన రోజు మాత్రం ఆఫీసు మధ్యలో ఆస్పత్రికి వచ్చాడు. నీ తలమీది గుడ్డ తొలగించి చూసి, ‘చెవులు నావే’ అన్నాడు. మళ్ళీ పనికి వెళ్ళిపోయాడు. అంతే.”

“ఇది ఎవరి నాన్నది?” అన్నాను.

అక్క కోప్పడలేదు. జుట్టు వెనక్కి తీసి, తన చెవి నావైపు తిప్పింది. కిందికి జారిన మెత్తటి తమ్మె, అచ్చం అమ్మది లాగే. నేను నా చెవి తడిమి చూసుకున్నాను. నాకు తమ్మెలు లేవనే చెప్పాలి, చెవి నేరుగా దవడలో కలిసిపోతుంది. కమ్మలు పెట్టుకోవాలంటే చిన్నప్పటి నుంచీ అవస్థే. రెండో చెవి కూడా చూసుకున్నాను. మా ఇంట్లో ఇంకెవరికీ అలాంటి చెవులు లేవు. నాన్న కోసం నేను మొదటిసారి ఏడ్చింది అప్పుడే.